దీవుల మధ్య తెరచాప పడవ: దొంగల భయాన్ని బట్టి ఎక్కడికి వెళ్లాలి, ఎక్కడికి వద్దు

ఉష్ణమండలపు దీవుల మధ్య తెరచాప పడవలో సెలవులు గడపాలనుకునేవాళ్లు మొట్టమొదట అడిగే ప్రశ్న "ఏ దేశం క్షేమం?" అని. ఆ ప్రశ్నకు సరైన జవాబు లేదు. ఒకే దీవిలో ఉత్తరాన ఉన్న రేవులో పిల్లలతో హాయిగా నిద్రపోవచ్చు. దక్షిణాన ఉన్న రేవులో తెల్లారి లేచేసరికి పడవ వెనుక కట్టిన డింగీ కనిపించకపోవచ్చు. ఎంచుకోవలసింది దేశాన్ని కాదు, రాత్రి లంగరు వేసే చోటును.

విజయవాడ, గుంటూరు కుటుంబాలకు ఇది ఇప్పుడు దూరపు సంగతి కాదు. పిల్లలు అమెరికాలోనో సింగపూర్‌లోనో స్థిరపడ్డారు. రెండు మూడు కుటుంబాలు కలిసి, రెండు పడవలను జోడించినట్టుండే కాటమరాన్‌ను వారం రోజులకు అద్దెకు తీసుకుంటారు. ఈసారి అమ్మానాన్నలను కూడా రమ్మంటారు. ఆ అమ్మానాన్నలకు తెలిసిన పడవ ప్రయాణం పున్నమి ఘాట్ నుంచి భవానీ ద్వీపం దాకా. ప్రకాశం బ్యారేజీ కనబడుతూనే ఉంటుంది, లైఫ్ జాకెట్ విప్పేలోగా ఒడ్డు వస్తుంది. అలాంటివాళ్లు ఊరూ పేరూ తెలియని తీరంలో, చీకట్లో, నీళ్ల మీద నిద్రపోవాలి. వాళ్ల భయం న్యాయమైనదే. కాకపోతే ఆ భయం ఎక్కువసార్లు వేరే వైపు చూస్తుంటుంది. ఓడల్లో చాలాకాలం పనిచేసి వచ్చినవాడిగా, ఇలాంటి ప్రయాణాలకు సిద్ధమయ్యేవాళ్లకు నేను చెప్పే మాటలను ఇక్కడ ఒక చోట పెడుతున్నాను.

భయపడవలసింది దేనికి

సముద్రపు దొంగలు అనగానే తుపాకులు పట్టుకుని స్పీడు బోట్లలో దూసుకొచ్చేవాళ్లు కళ్లముందు కదులుతారు. అలాంటివాళ్లు ఉన్నారు, వాళ్ల సంగతి కింద చెబుతాను. కానీ దీవుల మధ్య తిరిగే చిన్న పడవలకు మామూలుగా ఎదురయ్యే నేరం డింగీ దొంగతనం. డింగీ అంటే పెద్ద పడవ నుంచి ఒడ్డుకు వెళ్లిరావడానికి వాడే గాలి పడవ. దానికంటే దాని మోటారు మీదే దొంగకు కన్ను. కరీబియన్‌లో 15 హార్స్‌పవర్ యమహా మోటారుకు చేపల పడవల్లో గిరాకీ ఎక్కువ. ఒకసారి ఒడ్డు చేరి రంగు మారిందంటే అది ఎవరిదో చెప్పడం కష్టం.

సూర్యలంక తీరంలో ఫైబర్ పడవలు ఒడ్డుకు చేరే వేళ వెళ్లి చూడండి. పడవను ఇసుక మీదికి లాగుతారు. మోటారు బిగింపులు వదులు చేసి, దాన్ని ఒక కర్రకు కట్టి, ఇద్దరు చెరోవైపు భుజానికెత్తుకుని తీసుకుపోతారు. పడవ అక్కడే ఉంటుంది, మోటారు మాత్రం రాత్రి తీరంలో ఉండదు. ఈ జాగ్రత్త మన మత్స్యకారులకు ఎవరూ నేర్పలేదు. లక్షల రూపాయల కాటమరాన్ అద్దెకు తీసుకున్నవాళ్లు మాత్రం డింగీని ఒక నైలాన్ తాడుతో వెనుక కట్టేసి నిద్రపోతారు.

చేయవలసింది ఇది. చీకటి పడకముందే డింగీని నీళ్లలోంచి పైకి ఎత్తండి. కాటమరాన్‌కు వెనుక ఎత్తే దూలాలు ఉంటాయి. ఒంటి పడవ అయితే తెరచాపను ఎత్తే తాడుతోనే డెక్ అంచు దాకా లాగి వేలాడదీయవచ్చు. ఇంధనపు గొట్టం ఊడదీసి లోపల పెట్టండి. మోటారు రెండు బిగింపు పిడులనూ కలిపి పట్టే తాళం వేయండి. ఆ తర్వాత స్టెయిన్‌లెస్ స్టీలు గొలుసును మోటారు, డింగీ, పెద్ద పడవ మూడింటికీ కలిపి తాళం వేయండి. తాడు కోయడానికి చిన్న కత్తి చాలు, చప్పుడు కూడా కాదు. గొలుసు తెంచాలంటే పనిముట్టు కావాలి, సమయం కావాలి, చప్పుడవుతుంది. ఒకే చోట పది పడవలు ఆగి ఉన్నప్పుడు దొంగ తేలికైనదాన్నే ఎంచుకుంటాడు.

ఇక లెక్కలు చదివే పద్ధతి. ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. కౌలాలంపూర్‌లో 1992 నుంచి నడుస్తున్న ఐఎంబీ (ఇంటర్నేషనల్ మారిటైమ్ బ్యూరో) పైరసీ రిపోర్టింగ్ సెంటర్, సముద్రపు దొంగతనాలను అడ్డుకోవడానికి కొన్ని దేశాలు చేసుకున్న రీకాప్ ఒప్పందం కింద సింగపూర్‌లో 2006లో మొదలైన సమాచార కేంద్రం విడుదల చేసే నివేదికలు ప్రధానంగా వాణిజ్య ఓడల గురించి. సింగపూర్ జలసంధిలో ఇటీవలి సంవత్సరాల్లో ఏటా 60కి పైగా ఘటనలు నమోదయ్యాయని వాటిలో చదివి, అటువైపు తెరచాప పడవలో వెళ్లడమే ప్రమాదమని తేల్చేస్తారు. ఆ ఘటనల్లో ఎక్కువ భాగం నెమ్మదిగా కదిలే పెద్ద సరుకు ఓడల మీదికి రాత్రిపూట ఎక్కి ఇంజిన్ విడిభాగాలు ఎత్తుకుపోవడం, బార్జీల మీది పాత ఇనుము దించుకోవడం. తెరచాప పడవలో ఆ దొంగకు కావలసింది ఏమీ లేదు. దీనికి తలకిందులు కరీబియన్. అక్కడ డింగీ పోతే ఈ అంతర్జాతీయ నివేదికల్లో కనబడకపోవచ్చు. దాన్ని నమోదు చేసేది కరీబియన్ సేఫ్టీ అండ్ సెక్యూరిటీ నెట్. 1996 నుంచి స్వచ్ఛంద సేవకులు నడుపుతున్న సంస్థ ఇది. దీవి పేరుతో పాటు లంగరు చోటు పేరు, డింగీకి తాళం వేసి ఉందా లేదా, నీళ్లలో ఉందా పైకి ఎత్తి ఉందా అన్నది కూడా రాస్తారు. మీరు వెళ్లబోయే చోట్ల పేర్లు పెట్టుకుని గడచిన రెండేళ్ల ఘటనలు అందులో వెతికితే, నాలుగు దేశాల ప్రయాణ హెచ్చరికలు చదివినదానికంటే ఎక్కువ తెలుస్తుంది.

కరీబియన్: ఎక్కువమంది వెళ్లేది, ఎక్కువ తేడాలున్నది

అమెరికాలో ఉన్న మన పిల్లలకు దగ్గరిది ఇదే. మొదటిసారి వెళ్లేవాళ్లకు బ్రిటిష్ వర్జిన్ దీవులు నా మొదటి మాట. దీవులు ఒకదానికొకటి కనబడేంత దగ్గర. చాలా చోట్ల లంగరు వేయనక్కర్లేకుండా, సముద్రపు అడుగున ముందే బిగించి పైకి తేలేలా ఉంచిన తేలుబుడ్డీలకు (మూరింగ్ బాయ్‌లకు) పడవను కట్టుకోవచ్చు. చుట్టూ ఎప్పుడూ ఇతర అద్దె పడవలుంటాయి, నౌకాయానం మీదే బతికే ఊళ్లు కాబట్టి పడవలవాళ్లకు ఏమైనా అయితే ఊరంతా పట్టించుకుంటుంది. చిల్లర దొంగతనం ఇక్కడా ఉంది, తాళం ఇక్కడా వేయాలి.

తూర్పున సెయింట్ మార్టిన్. సగం ఫ్రాన్సుది, సగం నెదర్లాండ్స్‌ది. పడవ సామాను కొనడానికి, మరమ్మతులకు మంచి చోటు. సింప్సన్ బే, మారిగో చుట్టుపక్కల డింగీ దొంగతనాల మాట మాత్రం తరచుగా వినబడుతుంది. పని చూసుకుని కదలండి.

డొమినికా గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఎందుకంటే లంగరు చోటును ఎంచుకోవాలన్న మాటకు ఇంతకంటే మంచి రుజువు నాకు తెలియదు. దీవికి ఉత్తరాన పోర్ట్స్‌మౌత్ ఊరి ముందున్న ప్రిన్స్ రూపర్ట్ బేలో ఒకప్పుడు పడవలవాళ్లు ఆగడానికి జంకేవాళ్లు. అక్కడ పడవలకు సేవలందించి బతికే స్థానికులే పూనుకుని పోర్ట్స్‌మౌత్ అసోసియేషన్ ఆఫ్ యాట్ సెక్యూరిటీ అనే సంఘం పెట్టుకున్నారు. అందరూ పేజ్ అని పిలుస్తారు. సీజన్‌లో రాత్రిపూట పడవల మధ్య గస్తీ తిరుగుతారు, కట్టుకోవడానికి తేలుబుడ్డీలు చూపిస్తారు, పగలు ఇండియన్ రివర్ మీదుగా తెడ్లు వేస్తూ లోపలికి తీసుకువెళ్తారు. పోలీసు ఠాణా మారలేదు, సముద్రం మారలేదు. పడవలు రాకపోతే తమ కుటుంబాలు గడవవని గ్రహించినవాళ్లు కాపలా బాధ్యత తీసుకున్నారు, అంతే. ఇలాంటి సంఘం ఉన్న చోటును ఎంచుకోండి, వాళ్లు అడిగే రుసుము బేరం ఆడకుండా ఇవ్వండి.

సెయింట్ విన్సెంట్ దీవి పడమటి తీరం అందమైనదే, కానీ కొన్ని ఒంటరి చోట్లకు చెడ్డపేరుంది. వాలిలాబూ వద్ద 2016 మార్చిలో ఆయుధాలతో పడవెక్కినవాళ్లు ఒక జర్మన్ యాత్రికుడిని కాల్చి చంపారు. అదే దేశానికి చెందిన బెక్వియా దీవిలో, అడ్మిరాల్టీ బేలో, ఏటా వందల పడవలు ప్రశాంతంగా ఆగుతాయి. దేశం ఒకటే, తీరు వేరు. సెయింట్ విన్సెంట్ పడమటి తీరాన్ని పగటిపూట దాటి, సాయంత్రానికి బెక్వియా చేరేలా ప్రణాళిక వేసుకోమని నా సలహా.

గ్రెనడాను పడవలవాళ్లు చాలాకాలంగా సొంత ఇల్లులా చూసుకుంటారు. అక్కడే 2024 ఫిబ్రవరిలో ఘోరం జరిగింది. పోలీసు నిర్బంధం నుంచి తప్పించుకున్న ముగ్గురు ఒక అమెరికన్ దంపతుల కాటమరాన్‌ను అపహరించి సెయింట్ విన్సెంట్ దాకా తీసుకుపోయారు. దంపతులు ప్రాణాలతో దొరకలేదు. ఈ వార్త విన్నాక గ్రెనడా పేరెత్తితేనే భయపడేవాళ్లున్నారు. నా ఉద్దేశంలో అది సరికాదు. పారిపోయే దారి వెతుక్కుంటున్న నేరస్థులకు ఒక పడవ దొరికింది; అది ఆ దీవి రోజువారీ స్వభావం కాదు. గ్రెనడా దక్షిణ తీరపు రేవుల్లో ఇరుగుపొరుగు పడవలు ప్రతి ఉదయం వీహెచ్ఎఫ్ రేడియోలో పలకరించుకుంటాయి. ఎవరి గొంతు వినబడకపోయినా ఎవరో ఒకరు వెళ్లి చూస్తారు. ఒంటరిగా ఆగడం కంటే అలాంటి గుంపులో ఆగడం మేలు.

ట్రినిడాడ్ దగ్గరికి వచ్చేసరికి నా గొంతు మారుతుంది. జూన్ నుంచి నవంబరు దాకా తుపానుల కాలం. ఆ నెలల్లో పడవ దక్షిణాన ఫలానా అక్షాంశం కిందికి పోవాలని బీమా సంస్థలు షరతు పెడతాయి. ట్రినిడాడ్‌లోని చాగ్వారామస్‌లో పడవను ఒడ్డుకెక్కించి బాగుచేయించుకోవడం ఎన్నో ఏళ్లుగా ఉన్న పద్ధతి. గ్రెనడా నుంచి అక్కడికి సుమారు 80 నాటికల్ మైళ్లు, అంటే ఒక రాత్రి ప్రయాణం. వెనెజ్వేలా తీరం పక్కనే. 2015 డిసెంబరులో ఈ దారిలో సాయుధులు పడవలను అడ్డగించి దోచుకున్నారు. 2025 సెప్టెంబరు నుంచి మాదకద్రవ్యాలు మోస్తున్నాయన్న ఆరోపణతో అమెరికా సైన్యం ఆ ప్రాంతపు సముద్రంలో చిన్న పడవల మీద దాడులు మొదలుపెట్టింది. అంటే ఆ నీళ్లలో దొంగలతో పాటు మరో ఉద్రిక్తత కూడా చేరింది.

బ్రాడీపేటలో ఉండే మా చెల్లెలి కొడుక్కు సరిగ్గా ఈ దారిలోనే ఒక పడవను చేర్చే పని వచ్చింది. "అన్నయ్యా, అక్కడ దొంగలుంటారట, వద్దని చెప్పు" అని చెల్లెలు. "మామయ్యా, ఒక్క రాత్రే కదా" అని వాడు. నేను వద్దనలేదు, సరేననలేదు. మూడు షరతులు పెట్టాను. ట్రినిడాడ్ తీర రక్షక దళానికి ప్రయాణ వివరాలు ముందే పంపాలి. మరో పడవతో కలిసి, రేడియోకు అందే దూరంలో వెళ్లాలి. హైబిస్కస్ అనే గ్యాస్ వేదికకు దూరంగా, తూర్పుగా జరిగి దాటాలి. పడవ యజమాని తోడు పడవ కోసం ఆగనన్నాడు. మావాడు ఆ పని వదులుకున్నాడు. వాడు చేసింది సరైన పనేనని ఇప్పటికీ అంటాను.

అయితే ట్రినిడాడ్ వద్దు, గ్రెనడాలోనే పడవ ఒడ్డుకెక్కిస్తామంటే అక్కడ ఇంకో లెక్క ఉంది. గ్రెనడాను 2004లో ఐవాన్ తుపాను అతలాకుతలం చేసింది. 2024 జూలై 1న బెరిల్ తుపాను గ్రెనడాకే చెందిన కారియకూ దీవిని నేలమట్టం చేసింది. దొంగల నుంచి తప్పించుకోవడానికి గాలివానకు ఎదురు నిలబడాలి, గాలివాన నుంచి తప్పించుకోవడానికి దొంగల దారిలో పోవాలి. కుటుంబంతో ఉన్నవాళ్లు గ్రెనడాలో పడవను గట్టిగా కట్టించి విమానంలో ఇంటికి రావడమే మంచిదని నా అభిప్రాయం. పడవ పోతే బీమా ఉంది.

కరీబియన్ గురించి మన పాస్‌పోర్టువాళ్లు మరచిపోకూడని సంగతి ఒకటుంది. యూరప్, అమెరికా పడవలవాళ్లు ఒక దీవిలో ఇబ్బంది అనిపిస్తే ఆ రాత్రే పక్క దీవికి కదిలిపోతారు. భారతీయ పాస్‌పోర్టుతో అది అన్నివేళలా కుదరదు. మార్టినీక్, గ్వాడెలూప్ ఫ్రాన్సు భూభాగాలు. మామూలు షెంజెన్ వీసా వాటికి దానంతటదే చెల్లదు. సెయింట్ లూసియా, డొమినికాల మధ్య మార్టినీక్, డొమినికా దాటగానే గ్వాడెలూప్ ఉన్నాయి. ఆ వీసాలు లేకుండా బయలుదేరితే తప్పించుకునే సగం తలుపులు మూసుకుని బయలుదేరినట్టే. ముందే తీసుకోండి.

హిందూ మహాసముద్రం: సీషెల్స్, మాల్దీవులు

ఇక్కడ పాత గాయం ఒకటుంది. 2009 అక్టోబరులో సీషెల్స్ నుంచి టాంజానియా వైపు బయలుదేరిన బ్రిటిష్ దంపతులను సోమాలీ దొంగలు పట్టుకుని ఏడాదికి పైగా బందీలుగా ఉంచారు. 2011 ఫిబ్రవరిలో ముంబై నుంచి ఒమాన్ వైపు వెళ్తున్న క్వెస్ట్ అనే పడవను పట్టుకుని అందులోని నలుగురు అమెరికన్లనూ చంపారు. ఆ తర్వాత నౌకాదళాల గస్తీ పెరిగి దాడులు తగ్గాయి. ఓడల సంఘాలు ఈ సముద్రానికి పెట్టిన అధిక ప్రమాద ప్రాంతం అన్న ముద్రను 2023 జనవరి 1న తీసేశాయి. ఆ ఏడాది ముగియకముందే దొంగలు మళ్లీ తలెత్తారు. వాళ్లు పట్టుకున్న రూయెన్ అనే ఓడను 2024 మార్చిలో మన ఐఎన్ఎస్ కోల్‌కతా అడ్డగించి, 35 మంది దొంగలను లొంగదీసుకుని, 17 మంది సిబ్బందిని విడిపించింది.

ఇదంతా చదివి సీషెల్స్ వద్దనుకోకండి. సోమాలీ ముప్పు నడిసముద్రంలో. మీరు అద్దె పడవలో తిరిగేది మాహే, ప్రాలిన్, లా డీగ్ దీవుల మధ్య. ఉదయం తెరచాప ఎత్తితే మధ్యాహ్నానికి చేరిపోయే దూరాలు. అక్కడ ఎదురయ్యేది ఒడ్డున వదిలిన సంచీ పోవడం, తాళం వేయని పడవలోంచి ఫోను పోవడం. భూమధ్యరేఖకు దగ్గరగా ఉండడం వల్ల ఆ ప్రధాన దీవులు తుపానుల దారిలో కూడా లేవు. పెద్దవాళ్లతో వెళ్లే తెలుగు కుటుంబానికి నేను మొదట చెప్పే పేరు ఇదే. సొంత పడవలో ఆఫ్రికా తీరం వైపు సాగాలనుకునేవాళ్లకు మాత్రం నా మాట వేరు: వద్దు.

మాల్దీవుల్లో పడవ దొంగల భయం చాలా తక్కువ. అక్కడ జాగ్రత్త పడవలసింది చట్టం గురించి. మద్యం దేశంలోకి తీసుకురాకూడదు, పడవలో ఉంటే కస్టమ్స్‌కు చెప్పాలి. జనావాస దీవుల్లో దుస్తుల మర్యాద పాటించాలి. మాదకద్రవ్యాలకు శిక్షలు కఠినం. సొంత పడవతో ప్రవేశించేవాళ్లకు ఉత్తరాన ఉలిగము, దక్షిణాన అడ్డూ తెలిసిన రేవులు. స్థానిక ఏజెంటును ముందే మాట్లాడుకోండి.

ఫుకెట్ నుంచి సులూ దాకా

థాయిలాండ్‌లోని ఫుకెట్, మలేషియాలోని లంకావి మధ్య ప్రయాణం మన యువకులకు బాగా సరిపోతుంది. పడవలు కట్టుకునే రేవులు, అంటే మెరీనాలు, మంచివి, సముద్రం నవంబరు నుంచి మార్చి దాకా ప్రశాంతం, పూట భోజనానికి ఇబ్బంది లేదు. 2009లో బూతాంగ్ దీవుల దగ్గర ఒక బ్రిటిష్ యాత్రికుడిని చేపల పడవ నుంచి పారిపోయి వచ్చిన కూలీలు చంపారు. పదిహేనేళ్లు దాటినా అక్కడివాళ్లు దాని గురించి ఇంకా మాట్లాడుతున్నారంటే, అలాంటివి ఎంత అరుదో అర్థమవుతుంది.

అక్కడి నుంచి తూర్పుకు వెళ్లే కొద్దీ లెక్క మారుతుంది. ఫిలిప్పీన్స్ దక్షిణాన సులూ దీవులు, మిండనావో పడమటి తీరం, మలేషియాలోని సబా తూర్పు తీరం కలిసే చోటు అపహరణలకు పేరుపడింది. 2015 సెప్టెంబరులో దావావ్ ఎదురుగా ఉన్న సమాల్ దీవిలో, మెరీనాలోనే, నలుగురిని ఎత్తుకుపోయారు. వాళ్లలో ఇద్దరు కెనడావాళ్లను 2016లో అబూ సయ్యాఫ్ ముఠా చంపేసింది. అదే ఏడాది నవంబరులో ఒక జర్మన్ దంపతుల పడవ మీద పడ్డారు. భార్యను అక్కడే కాల్చేశారు, భర్తను కొన్ని నెలల తర్వాత చంపారు. ఆ దంపతులు 2008లో సోమాలీ దొంగల చేతిలో బందీలుగా ఉండి బయటపడ్డవాళ్లే.

2017 నుంచి ఇండోనేషియా, మలేషియా, ఫిలిప్పీన్స్ కలిసి గస్తీ తిరుగుతున్నాయి. సముద్రంలో సిబ్బంది అపహరణలు 2020 జనవరి తర్వాత ఆగిపోయాయనే చెప్పాలి. అయినా సులూ దీవులకు వెళ్లవద్దని చాలా ప్రభుత్వాలు తమ పౌరులను ఇప్పటికీ హెచ్చరిస్తున్నాయి. ఆ హెచ్చరిక ఉన్న చోటికి వెళ్తే ప్రయాణ బీమా చెల్లకపోవచ్చు. మూడు దేశాల నౌకాదళాలు గస్తీ కాస్తేనే నిలిచిన ప్రశాంతత అది. దాన్ని పరీక్షించడానికి మీ కుటుంబాన్ని తీసుకువెళ్లకండి. ఫిలిప్పీన్స్ చూడాలంటే పలావాన్ ఉత్తరాన కొరోన్, ఎల్ నిడో వైపు చూడండి.

అండమాన్: దొంగ కాదు, అనుమతి

మనవాళ్లకు భాష ఇబ్బంది లేని దీవులు ఇవే. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు మాట్లాడేవాళ్లు అడుగడుగునా ఎదురవుతారు. పడవల దొంగతనం మాట ఇక్కడ అరుదు. కానీ ఏ రాత్రి ఎక్కడ ఆగుతారో ముందే చెప్పి అనుమతి తీసుకోవాలి, పోర్ట్ కంట్రోల్‌కు రోజూ స్థానం తెలియజేయాలి. ఉత్తర సెంటినల్ దీవి చుట్టూ 5 నాటికల్ మైళ్ల లోపలికి వెళ్లడం 1956 నాటి ఆదివాసీ రక్షణ చట్టం ప్రకారం నేరం. 2018 నవంబరులో అక్కడ అడుగుపెట్టిన అమెరికన్ యువకుడు చనిపోయాడు, అతన్ని చేర్చిన మత్స్యకారులు జైలుకు వెళ్లారు. ఆ దీవిలోనివాళ్లకు మన జలుబు కూడా ప్రాణాంతకమే.

బారెన్ దీవి దగ్గర 2024 నవంబరులో మయన్మార్ చేపల పడవ ఒకదానిలో సుమారు 6 టన్నుల మెత్ అనే మత్తుమందు దొరికింది. కాబట్టి తీర రక్షక దళం ప్రశ్నలు కఠినంగానే ఉంటాయి. కాగితాలు చేతికందేలా పెట్టుకుని ఓపికగా జవాబివ్వండి. ఇంకొకటి: విదేశాల్లో పడవలవాళ్లు ప్రాణంగా చూసుకునే ఇరీడియం ఫోను, గార్మిన్ ఇన్‌రీచ్ వంటి ఉపగ్రహ పరికరాలు టెలికాం శాఖ అనుమతి లేకుండా మన దేశంలో ఉంచుకోకూడదు. విమానాశ్రయాల్లో వీటితో పట్టుబడి కేసులు ఎదుర్కొన్నవాళ్లున్నారు. అమెరికా నుంచి వచ్చే పిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పండి.

పసిఫిక్‌లో ఫిజీ, టోంగా వైపు హింస భయం తక్కువ. సువా వంటి పట్టణ రేవుల్లో తాళం, ఫిజీ పల్లె దీవుల్లో ఊరి పెద్దకు యంగోనా (కావా) మొక్క వేర్ల కట్ట సమర్పించి అనుమతి అడగడం, ఈ రెండూ పాటిస్తే చాలు. అడిగి అడుగుపెట్టినవాళ్లను ఊరే కాచుకుంటుంది.

పడవలో తీసుకునే నిర్ణయాలు

మెరీనా, తేలుబుడ్డీ, సొంత లంగరు. ఈ మూడింటిలో మెరీనా అన్నిటికంటే క్షేమమని అందరూ అనుకుంటారు. నిజమే, కానీ సమాల్‌లో మనుషులను ఎత్తుకుపోయింది మెరీనాలోంచే. ప్రాంతం చెడ్డదైతే గేటు కాపాడదు. ప్రాంతం మంచిదైతే, పొరుగు పడవలున్న చోట సొంత లంగరు వేసుకున్నా భయం లేదు. నేనైతే ఖాళీగా ఉన్న అందమైన తీరంలో పగలు ఆగి, రాత్రికి పడవలున్న చోటికి చేరతాను.

సరంగుతో కలిపి పడవ తీసుకోవాలా, మనమే నడుపుకోవాలా అన్నదానికి, పెద్దవాళ్లు ఉంటే సందేహం లేకుండా సరంగును పెట్టుకోండి. స్థానిక సరంగుకు ఏ తీరంలో ఎవరు పడవ దగ్గరికి వచ్చి పండ్లు అమ్ముతారో, ఎవరు ఊరికే చుట్టూ తిరిగి చూసిపోతారో ముఖం చూసి తెలుస్తుంది. ఆ తెలివి అద్దె పడవతో ఇచ్చే పుస్తకంలో ఉండదు.

తుపాకీ గురించి అడిగేవాళ్లకు నా జవాబు ఒకటే, వద్దు. న్యూజిలాండ్‌కు రెండుసార్లు అమెరికాస్ కప్ సాధించిపెట్టిన పీటర్ బ్లేక్ 2001 డిసెంబరులో అమెజాన్ ముఖద్వారం దగ్గర తన పడవెక్కిన దొంగల మీద రైఫిల్ పేల్చాడు. తుపాకీ మొరాయించింది, వాళ్లు ఆయన్ను కాల్చేశారు. పడవలో మిగిలినవాళ్లు బతికారు. అంతటి నావికుడికే కుదరలేదు. పైగా చాలా దేశాల్లో ఆయుధాన్ని ప్రకటించి కస్టమ్స్‌కు అప్పగించాలి. చెప్పకుండా దాస్తే జైలు. రాత్రి తలుపు లోపలి నుంచి బిగించడం, కదలికకు వెలిగే దీపం, గట్టి కూత వేసే హారన్, మంచం పక్కన రేడియో, ఇవి చాలు. ఎవరైనా లోపలికి వచ్చేస్తే అడిగింది ఇచ్చేయండి. కొంచెం నగదు, పాత ఫోను ఒకటి వేరే సంచీలో అందుకోసమే ఉంచండి.

ఇక ఎంపిక. అమ్మానాన్నలతో మొదటిసారి అయితే సీషెల్స్, సరంగుతో. పిల్లలు అమెరికా నుంచి వస్తుంటే బ్రిటిష్ వర్జిన్ దీవులు. స్నేహితులు నలుగురైతే ఫుకెట్, లంకావి. ఏడాది పాటు సొంత పడవ మీద బతకాలనుకునేవాళ్లకు యాంటిగా నుంచి గ్రెనడా దాకా, మధ్యలో డొమినికాలో ఎక్కువ రోజులు, ఫ్రెంచి వీసా జేబులో పెట్టుకుని. వెనెజ్వేలా తీరం, సులూ, సోమాలియా వైపు ఎంత తక్కువ ఖర్చులో వచ్చినా వద్దు.

బయలుదేరే ముందు ఇంటి దగ్గర వదలవలసిన కాగితం ఒకటుంది. పడవ పేరు, రంగు, రిజిస్ట్రేషన్ నంబరు, రేడియో గుర్తింపు సంఖ్య, అందరి పాస్‌పోర్టు ప్రతులు, రోజువారీ లంగరు చోట్ల జాబితా, అద్దె సంస్థ ఫోను, ఆ దేశపు తీర రక్షక దళం ఫోను. చాలా చిన్న దీవుల్లో భారత రాయబార కార్యాలయం ఉండదు, పక్క దేశంలోని హైకమిషన్ చూసుకుంటుంది. అది ఏదో కనుక్కుని రాయండి. రోజూ ఒకే సమయానికి సందేశం పంపే ఏర్పాటు చేసుకోండి. ఎన్ని గంటలు ఆలస్యమైతే ఇంట్లోవాళ్లు ఫోను ఎత్తాలో కూడా ముందే మాట్లాడుకోండి. గడువు దాటితే మొదట అద్దె సంస్థకు, వెంటనే తీర రక్షక దళానికి, ఆ తర్వాత హైకమిషన్‌కు చేయాలి. ప్రయాణం ముగిసేదాకా ఎక్కడున్నారో చూపే ఫొటోలు ఎవరూ బయట పెట్టకూడదని తాతయ్యకూ, నాయనమ్మకూ కూడా చెప్పి వెళ్లండి.